మడతా, ముడతా, చుట్టా? ఊరి నుంచి వచ్చిన సంచిని ఏం చేశామనాలి?

"ఊళ్ళన్నీ చుట్టొచ్చిన డఫెల్ బ్యాగుని చుట్టి అటకెక్కించాను" అని మొన్న ఒక వాక్యం రాశాను. (డఫెల్ బ్యాగంటే పొడవాటి, మెత్తటి ప్రయాణపు సంచి.) చదివిన స్నేహితుడు పట్టేశాడు. "చుట్టేది చాపని. సంచిని మడతపెడతారు. పైగా ఒకే వాక్యంలో రెండు చుట్లు!" అన్నాడు. మడతపేచీలే అని నవ్వి ఊరుకున్నాను గానీ అనుమానం మాత్రం పోలేదు. ఖాళీ సంచి విషయంలో ఈ రెండు క్రియలకీ తేడా ఉందా? పెద్దలు చెప్పాలి.

జవాబు:
తేడా ఉందండీ. అంచు మీదికి అంచు తెచ్చి అణిస్తే మధ్యలో గీత పడుతుంది. మడతకి ప్రాణం ఆ గీతే. "మడత నలగని చొక్కా" అంటే ఆ గీత చెక్కుచెదరలేదని కదా. చుట్టలో గీత ఉండదు, వంపే ఉంటుంది. పాము చుట్ట చుట్టుకుంటుంది గానీ మడత పెట్టుకోదు. మడచడం మన పక్క భాషల్లోనూ ఉంది: కన్నడంలో మడిచు, తమిళంలో మడి, మలయాళంలో మడక్కు.

ఇక ముడత దీనికి పక్కింటి మాటలా వినిపిస్తుంది గానీ గుణం వేరు. మడత మనం పెట్టేది. ముడత దానంతట అది పడేది. "దుప్పటి ముడత పెట్టాను" అని ఎవరైనా అంటారా?

మీ సంచికి ఇది బాగా పనికొచ్చే తేడా. డఫెల్ బ్యాగుల్లో చాలావాటికి నైలాన్ లేదా పాలియెస్టర్ గుడ్డ, లోపలివైపు నీరు దిగకుండా పల్చని పూత. ప్రతిసారీ ఒకే గీత మీద మడిచి, పైన బరువు పెడితే ఆ గీత వెంట పూత నెర్రెలిస్తుంది. పెట్టింది మడతే, మిగిలేది ముడత. వదులుగా చుడితే ఆ బాధ తక్కువ. మీరు చేసింది చుట్టడమైతే "చుట్టి" అనే రాయండి. మీ స్నేహితుడు చాప దగ్గరే ఆగిపోయారు.

మళ్ళీ నేను:
ధన్యవాదాలండీ. మరి రెండు చుట్ల సంగతి?

జవాబు:
అది దోషం కాదు, వాక్యంలో అందమే అది. "దేశాలు చుట్టబెట్టి వచ్చాడు"లో చుట్టు తిరగడం. "చాప చుట్టేశారు"లో చుట్టు ముగించడం. క్రికెట్ వార్తల్లో జట్లు చాప చుట్టేస్తూనే ఉంటాయి. తిరగడం, పని ముగియడం రెండూ ఒకే క్రియలో దొరికితే వదులుకోవడం దేనికి? అన్నట్టు, "అటకెక్కించడం" కూడా మామూలుగా పనిని మూలన పడేయడానికే వాడతాం. మీరు నిజంగానే అటక ఎక్కించారు కాబట్టి అది మూడో చమత్కారం. నాలుగోది మాత్రం చేర్చకండి.

ఇంకొకరు:
మాటలు సరే, అసలు పనిలో ముందున్న క్రియల్ని అందరూ దాటేశారు. చుట్టే ముందు దులపాలి, తిరగేయాలి, తుడవాలి, ఆరబెట్టాలి. జిప్పులన్నీ తీసి, జేబులు వెలికితీసి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. చెమ్మతో చుడితే ముక్కిన వాసన, ఆపైన బూజు. పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పూతైతే తేమకి కొన్నేళ్ళలో జిగురుగా మారి పొరలుగా ఊడుతుంది. అడుగున గట్టి అట్ట ఉంటే ముందు అది తీసి, పట్టీలు లోపలికి దోపి, అప్పుడు చుట్టాలి. "దోపడం" ఎంత మంచి మాటో చూడండి, బొడ్లో దోపుకున్నట్టే. ఇప్పుడు అందరూ "లోపల పెట్టడం" అని సరిపెట్టేస్తున్నారు.

మరొకరు:
నాదో పిడకల వేట. డఫెల్ అనేది బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గరి ఊరు. ఆ ఊరి పేరు ముతక ఉన్నిగుడ్డకి అంటుకుంది, గుడ్డ పేరు సంచికి వచ్చింది. ఇప్పటి సంచిలో ఉన్ని పోగు ఒక్కటీ ఉండదు, పేరు మాత్రం మిగిలింది. కోళిక్కోడ్ నుంచి కాలికో, మోసుల్ నుంచి మస్లిన్ వచ్చిన దారే ఇదీ. కాబట్టి "డఫెల్‌కి తెలుగేమిటి" అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, ఊరి పేరుకి అనువాదమేమిటి!

మళ్ళీ నేను:
ఇంకొక్క ప్రశ్న, విసుక్కోకండి. తన జేబులోనే తాను ఒదిగిపోయే పల్చటి సంచులున్నాయి. వాటిని మడవం, చుట్టం. మరేం చేస్తామనాలి?

జవాబు:
కుక్కుతాం! ఇందులో చిన్నతనమేమీ లేదు. కుక్కితే ప్రతిసారీ ముడతలు కొత్తచోట పడతాయి, ఒకే గీత నలగదు. పల్చటి గుడ్డకి అది మేలే. కాకపోతే నెలల తరబడి అలాగే బిగించి ఉంచకండి.

ఇంకొకరు:
నా డఫెల్‌కి చక్రాలున్నాయి, లోపల ఇనుప ఊచలు. మడతపడదు, చుట్టపడదు, కుక్కితే కుక్కబడదు. దానికి ఏ క్రియ వాడమంటారు?

జవాబు:
"మూలన నిలబెట్టాను" అనండి. పక్క సంచులన్నీ దాని కడుపులో సర్దండి.