గ్రూప్-1, గ్రూప్-2 కలిపి చదవడమా, ఒకటి పక్కన పెట్టడమా?

పంచాయతీ కార్యదర్శి
అందరికీ నమస్తే. ఉద్యోగం చేసుకుంటూ తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టే గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. పొద్దున్నే ఊళ్లో పారిశుద్ధ్యం ఫొటోలు ఎక్కించడంతో మొదలవుతుంది. ఆ తర్వాత ఇంటి పన్నులు, నర్సరీ, మండలాఫీసులో మీటింగు. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక రెండు గంటలు దొరికితే గొప్ప. టేబుల్ మీద గ్రూప్-1 మెయిన్స్ (వ్యాసాలు రాసే పరీక్ష) నోట్సు, గ్రూప్-2 బిట్లు (ఆప్షన్లలో జవాబు ఎంచుకునే ప్రశ్నలు), తెలుగు అకాడమీ పుస్తకాలు, విప్పని కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు. ఒకటి తెరిస్తే రెండోది మిగిలిపోతోందన్న బెంగ. సిలబస్ ఒకటే కదా, కలిపి చదివెయ్యమని కొందరంటున్నారు, ఏదో ఒకటే పట్టుకోమని కొందరు. రెండూ చూసినవాళ్లు చెప్పండి.

చిక్కడపల్లి బెంచీ
ఒకటే పట్టుకోండి మేడం. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో 2024లో కళ్లారా చూశాం. జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు టీచర్ పోస్టుల డీఎస్సీ. దాన్ని ఆనుకునే ఆగస్టు 7, 8న గ్రూప్-2 పెట్టారు. గొడవయ్యాక అది డిసెంబర్ 15, 16కు పోయింది. మధ్యలో అక్టోబర్ 21 నుంచి 27 వరకు గ్రూప్-1 మెయిన్స్, నవంబర్ 17, 18న గ్రూప్-3. సిటీ సెంట్రల్ లైబ్రరీలో నా చుట్టుపక్కల ఈ నాలుగింటికీ హాల్ టికెట్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లున్నారు. పొద్దున పెడగాజీ, మధ్యాహ్నం ఎకానమీ, రాత్రి వ్యాసాలు. వాయిదా వార్త వస్తే పుస్తకం మార్చడం, కొత్త తేదీ వస్తే మళ్లీ మార్చడం. కమిషన్ తేదీలు ఎలాగూ మన చేతిలో లేవు. ఏది ముందో, ఏది వెనకో అన్నదైనా మన చేతిలో ఉంచుకోవాలి కదా.

సూర్యాపేట పోరడు
అన్నా, మీరు చెప్పేది ఇంటికాడ పైసలున్నోళ్లకు నడుస్తది. రాష్ట్రం వచ్చింది 2014ల. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది 2022 ఏప్రిల్‌ల. పేపర్ లీకైందని ఆ ప్రిలిమ్స్ రద్దు. 2023 జూన్‌ల మళ్లా పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల 563 పోస్టులతోని కొత్త నోటిఫికేషన్. దాన్నొక్కదాన్నే నమ్ముకుని అశోక్‌నగర్‌ల రూమ్ కిరాయి కట్టుకుంట కూసున్నోని గతేంది? వయసు పరిమితి 46 చేసిండ్రు, నిజమే. 46 దాకా ఇంట్ల ఎవరు సాదుతరు? ఏది ముందు పడితే అది రాయాలె, ఏది తగిలితే అండ్ల చేరాలె. అక్కా, మీకు నౌకరుంది కాబట్టి ఏరుకునే అవకాశమన్న ఉంది.

చిక్కడపల్లి బెంచీ
ఏది పడితే అది రాసి ఏదీ తగలనివాళ్ల సంగతి కూడా చెప్పు తమ్ముడూ.

ఎర్ర పెన్ను
కొన్నేళ్లుగా టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దుతున్నాను. నాకు కనిపించింది చెబుతాను. ఏ పరీక్ష రాయాలన్నది చిన్న చిక్కు. ఏ పరీక్షకైనా ఏది చదవకుండా వదిలెయ్యాలన్నదే పెద్ద చిక్కు. దాని జోలికి ఎవరూ పోరు, భయం.

సిలబస్ ఒకటేనా? పేర్లు చూస్తే ఒకటే. తెలంగాణలో చేరిన స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపమన్న 610 జీవోనే తీసుకోండి. గ్రూప్-2 నాలుగో పేపర్‌కి 1985 డిసెంబర్ 30, ఎన్టీఆర్ ప్రభుత్వం, తెలంగాణ జిల్లాలున్న జోన్ 5, 6, వెనక్కి పంపడానికి 1986 మార్చి 31 గడువు, తర్వాత దాని అమలును పరిశీలించిన గిర్‌గ్లానీ కమిషన్. ఇవి నోటికొస్తే బిట్‌కి జవాబు పెట్టేయొచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో అదే జీవో మీద 'అమలు కాకపోవడానికి కారణాలు చర్చించండి' అంటే ఇవన్నీ తెలిసిన అభ్యర్థి కూడా అర పేజీలో ఆగిపోతాడు. 1973 ఆరు సూత్రాల నుంచి ఉద్యోగాల్లో స్థానికులకు వాటా పెట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుకి, అక్కణ్ణుంచి జీవోకి దారి కట్టాలి. ఉత్తర్వు ఉన్నా ఎందుకు జారిపోయిందో తన మాటల్లో వాదించాలి. నా దగ్గరికొచ్చే పేపర్లలో తేదీలు కరెక్టుగానే ఉంటాయి. వాదన ఉండదు. మొదటి పేరాలో చెప్పిందే చివరి పేరాలో ఇంకోలా చెప్పి ముగిస్తారు.

రాసే చెయ్యి నెలలో తిరగదు. మూడేసి గంటలు, ఆరు పేపర్లు, 900 మార్కులు, అదిగాక ఇంగ్లిష్ అర్హత పేపరు. కాబట్టి నోటిఫికేషన్ లేని కాలమంతా రాతకే ఇవ్వండి. తేదీ ఖాయమయ్యాక బిట్ల వైపు తిరగండి. పోస్టు పెద్దదా చిన్నదా అని చూసి వరుస పెట్టుకోకండి, తయారవడానికి ఏది ఎక్కువ కాలం తీసుకుంటుందో అదే ముందు.

మీ రెండు గంటల్ని గంట అటూ గంట ఇటూ పంచకండి మేడం. ఒక సబ్జెక్టు కొన్ని వారాల పాటు అదొక్కటే ఉండాలి. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కటే పుస్తకం. రెండోది బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజూ పడే పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసినంత మాత్రాన చదివినట్టు కాదు. ఊపిరాడనట్టు అనిపించేది సిలబస్ వల్ల కాదు, సగం ఆ గుట్టను చూసే.

ఖమ్మం గ్రూప్-2
ఎర్ర పెన్ను గారూ, మీ మాటలో సగానికి ఒప్పుకుంటాను. తేదీ వచ్చాక బిట్లు అన్నారే, అది ప్రమాదం. గ్రూప్-2 అంటే నాలుగు పేపర్లు, 600 మార్కులు. మెయిన్స్ చదివినవాడికి ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న) నిబంధనలు, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం మీద ఆలోచన బాగుంటుంది. కానీ ఒప్పందం మీద ఎవరు సంతకం చేశారు, ఏ షరతు ఏ సంఖ్యలో ఉంది అంటే తడబడతాడు. ఆ తడబాటుకి పడే మార్కు సున్నా. మాతో చదివినవాళ్లలో గ్రూప్-1 స్థాయిలో చదివాం, గ్రూప్-2 దానంతటదే వస్తుంది అనుకున్నవాళ్లకి అది రాలేదు. ఆదివారం ఒక పూట బిట్లకు ఇచ్చి తీరాల్సిందే, నోటిఫికేషన్ ఉన్నా లేకపోయినా.

ఎర్ర పెన్ను
ఆదివారం పూట దాకా నాకూ అభ్యంతరం లేదు. రోజూ వద్దన్నాను.

విజయనగరం వాసి
మా ఆంధ్రప్రదేశ్ వైపు సంగతి వేరండీ. ఏపీపీఎస్సీ గ్రూప్-2కి ముందు 150 మార్కుల స్క్రీనింగ్, తర్వాత 150 చొప్పున మెయిన్స్ రెండు పేపర్లు, అవీ బిట్లే. తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. అందుకే అన్నీ కాస్త కాస్త చదివినవాడు మా దగ్గర అసలు ముట్టుకోనివాడికంటే ఎక్కువ నష్టపోతాడు. సగం తెలిసిన బిట్‌ని వదిలెయ్యాలంటే మనసొప్పదు కదా. తక్కువ చదివినా గట్టిగా చదవాలన్నది మాకు మార్కుల్లోనే కనిపిస్తుంది.

పంచాయతీ కార్యదర్శి
అందరికీ ధన్యవాదాలు. సూర్యాపేట తమ్ముడు అన్నది నిజమే, నెల జీతం వస్తోంది కాబట్టే నేను ఆగి ఆలోచించగలుగుతున్నాను. ప్రస్తుతానికి మామూలు రోజుల్లో మెయిన్స్ రాత, ముందుగా తెలంగాణ ఉద్యమం పేపరు. ఆదివారం పొద్దున బిట్లు. మ్యాగజైన్లు నెలకు ఒక్కటి ఉంచి, మిగతావి మా ఊరి గ్రంథాలయానికి ఇచ్చేస్తాను. గ్రూప్-3 మాత్రం వదిలేస్తున్నాను.

సూర్యాపేట పోరడు
గ్రూప్-3 ఎందుకు వదులుడు అక్కా? దాని మూడు పేపర్లు గ్రూప్-2ల మొదటి మూడే కద. దానికి వేరే చదివేదేం లేదు. ఫీజు కట్టి పెట్టుండ్రి, ఆ రెండు రోజులు లీవ్ దొరికితే పోయి రాసి రాండ్రి.