నిమ్మ నింపిన షార్ట్‌బ్రెడ్: మే నెల వైజాగ్ ఉక్కలో కర్డ్ పెట్టొచ్చా, మార్మలేడే గతా?

ఎంవీపీ వంటిల్లు:
అందరికీ నమస్కారం. మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. శనివారం వాళ్ల పాప పుట్టినరోజు. మా మరిది శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నాడు కాబట్టి అతని చేతికి ఒక డబ్బా షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు ఇచ్చి పంపుదామని. ఉత్తివి కాదు, రెండేసి బిస్కెట్ల మధ్య నిమ్మ కర్డ్ (పెరుగు కాదు, నిమ్మరసం, గుడ్డుతో కాచే చిక్కటి క్రీమ్ లాంటిది) పెట్టినవి. పిండి కొలత పాతదే: పంచదార పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300. గుడ్డు, బేకింగ్ పౌడర్ ఏమీ ఉండవు.

మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలు అయిపోయాయి. "కర్డ్ పెట్టావంటే తుని దాటేలోపు చాయ్‌లో ముంచిన రస్కుల్లా అయిపోతాయి, మార్మలేడ్ పెట్టు" అంటుంది మా తోటికోడలు. మార్మలేడ్ అంటే తొక్క ముక్కలతో చేసే నిమ్మజాతి పళ్ల జామ్ కదా, చేదు, పిల్లలు ముట్టరని నా బాధ. ఎవరు రైటో మీరే తేల్చండి. ఇంట్లో ఉన్నది ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). వంటింట్లో ఏసీ లేదు.

ఓటీజీ మాస్టారు:
మీ తోటికోడలు చెప్పిందే కరెక్టమ్మా. కర్డ్ అంటే నిమ్మరసం, గుడ్డు సొన, పంచదార, వెన్న. దాన్ని సన్నటి సెగ మీద 80 డిగ్రీల లోపే కాచి దింపేస్తాం, అంతకు మించితే గుడ్డు విరిగి పలుకులు కడుతుంది. అంటే రసంలోని నీళ్లు దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి. షార్ట్‌బ్రెడ్‌లోనేమో నీళ్లు లేనట్టే లెక్క. ఈ రెండింటినీ అంటించి డబ్బాలో మూతపెడితే, ఆ తడి బిస్కెట్‌లోకి పోక ఎక్కడికి పోతుంది?

మార్మలేడ్ సంగతి వేరు. 105 డిగ్రీల దాకా మరుగుతుంది. దింపేసరికి మూడింట రెండొంతులు పంచదారే ఉంటుంది. ఆ పంచదార మిగిలిన నీటిని పట్టి ఉంచుతుంది, బిస్కెట్‌కి అంత తేలిగ్గా వదలదు.

ఇంకో మాట. గుడ్డు వేసిన కర్డ్ ఫ్రిజ్‌లో ఉండాల్సిన పదార్థం. మే నెలలో పన్నెండు గంటలు బెర్త్ కింద పెట్టి తీసుకెళ్లి, తెల్లారి చిన్నపిల్లకి పెడతారా?

చినవాల్తేరు చిన్నది:
మాస్టారూ, లెక్క బాగానే ఉంది, నాలుక సంగతేంటి? మూడింట రెండొంతులు పంచదార అని మీరే అన్నారు. బిస్కెట్‌లో పంచదార, మధ్యలో ఇంకాస్త పంచదార. ఇక నిమ్మకాయ ఎందుకు? కర్డ్‌లో అయితే ముందు పులుపు చురుక్కుమంటుంది, ఆ వెనకే వెన్న వచ్చి సర్దుతుంది. మార్మలేడ్ పెడితే అది జామ్ బిస్కెట్. బజార్లో బోలెడు దొరుకుతాయి, ఇంట్లో చేయడం దేనికి?

మెత్తబడటం అంత పాపమా అని కూడా అడుగుతున్నాను. కర్డ్ పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినవి పొద్దున తిని చూడండి. మధ్యలో మెత్తగా, అంచున ఇంకా పొడిపొడిగా ఉంటాయి. మా ఇంట్లో అప్పటికప్పుడు నింపినవాటికంటే అవే ముందు ఖాళీ అవుతాయి. అంత భయమైతే బిస్కెట్ లోపలి వైపు కరిగించిన వైట్ చాక్లెట్ పల్చగా పూసి, ఆరాక కర్డ్ పెట్టండి. కొవ్వు పొర దాటి తడి అంత త్వరగా పోదు.

ఉక్కునగరం క్వార్టర్స్:
వైట్ చాక్లెట్టా! మేలో మా ఇంట్లో చాక్లెట్ రేపర్ విప్పేలోపే వేళ్లకి అంటుకుంటోంది. మీ పొర దువ్వాడ దాకా కూడా ఆగదు చెల్లెమ్మా.

చినవాల్తేరు చిన్నది:
అసలు చాక్లెట్ కాకపోతే కాంపౌండ్ వాడండి. అందులో కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది, వేడికి కాస్త నిలబడుతుంది. రుచి తక్కువే, ఒప్పుకుంటాను. ఆ పల్చటి పొరకి రుచితో పనేముంది?

పూర్ణా మార్కెట్ బాబాయి:
మీరంతా నింపేదాని గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు తప్పు వెన్నలో ఉంది. ఈ ఊళ్లో మేలో వెన్నతో షార్ట్‌బ్రెడ్ ఏటండీ? నెయ్యి వెయ్యండి. నాన్‌ఖటాయి నెయ్యితోనే కదా చేస్తారు, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. నెయ్యిలో నీళ్లుండవు, పాడవదు, ఫ్రిజ్‌తో పని లేదు. మన వేడికి మన నెయ్యే సరి.

ఓటీజీ మాస్టారు:
బాబాయ్ గారూ, నాన్‌ఖటాయి మీద నాకూ ప్రేమే. కానీ దాన్ని మధ్యకి కోసి ఏదైనా నింపి చూడండి, పొడి తప్ప ఏమీ మిగలదు. బజారు వెన్నలో కొవ్వు 80 శాతం, నీళ్లు సుమారు 16 శాతం. ఆ కాస్త నీరే మైదాని కొద్దిగా పట్టి ఉంచుతుంది. నెయ్యి మొత్తం కొవ్వే, అది మైదా రేణువులన్నింటికీ పూత పట్టేస్తుంది, పిండికి పట్టు అన్నదే రాదు. ఉత్తగా తినేదానికి అది గొప్ప గుణం. నింపి, మూసి, రైలెక్కించేదానికి కాదు. తప్పదనుకుంటే 200 గ్రాముల వెన్న చోట 160 గ్రాముల నెయ్యి చాలు, గడ్డకట్టినది వాడాలి. పిండి ముద్దకి రాకపోతే చల్లటి పాలు ఒకటి రెండు చెంచాలు. 200కి 200 నెయ్యి వేస్తే ట్రే మీద అట్టులా పరుచుకుంటుంది.

పూర్ణా మార్కెట్ బాబాయి:
పాలు పోస్తే మళ్లీ నీళ్లు వచ్చాయి కదా మాస్టారూ! 😄 వెన్నపూస వాడితే?

ఓటీజీ మాస్టారు:
ఇంటి వెన్నపూస శ్రేష్ఠం, కానీ చల్లటి నీళ్లలో కడిగి కడిగి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలకూడదు. మజ్జిగ మిగిలితే బిస్కెట్ వాసన వస్తుంది, త్వరగా పాడవుతుంది కూడా. తర్వాత ఫ్రిజ్‌లో గట్టిపరిచి, గుడ్డలో ఒత్తి మరీ వాడండి. బజారు పచ్చ వెన్న అయితే ఉప్పు ముందే ఉంటుంది, పిండిలో వేరే ఉప్పు వేయకండి.

బేకరీలో పదేళ్లు:
నేను గాజువాక వైపు ఒక బేకరీలో ఓవెన్ మీద పనిచేశాను. మీరు చెప్పేవన్నీ సరే గానీ, ఈ అక్క ఇంట్లో ఏసీ లేదన్నది ఎవరూ పట్టించుకోలేదు. వెన్న 32, 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. మే మధ్యాహ్నం మన వంటింట్లో అంతే ఉంటుంది. అంటే మీరు పిసికేది పిండి కాదు, నూనె ముద్ద. దాన్ని ఓవెన్‌లో పెడితే గట్టిపడకముందే కారిపోతుంది, ఏ నింపుడూ దాన్ని కాపాడలేదు.

అక్కా, తెల్లవారుజామున మొదలుపెట్టండి. మైదా, గిన్నె, ఆఖరికి అప్పడాల కర్ర కూడా ముందు రాత్రే ఫ్రిజ్‌లో పడేయండి. అరచేత్తో పిసక్కండి, వేళ్ల కొసలతో రాయండి. మైదా 300లో 50 గ్రాములు తీసేసి మెత్తటి బియ్యప్పిండి కలపండి, బిస్కెట్ కరకరలాడుతుంది. స్కాట్లాండ్‌లో కూడా బియ్యప్పిండి కలిపే పాత పద్ధతి ఉంది, మనం కనిపెట్టిందేమీ కాదు. రెండు బటర్ పేపర్ల మధ్య ఒత్తి, ఆ పేపర్లతోనే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడ్డాక కోసి, ట్రేతో సహా ఇంకో అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే 160 డిగ్రీల్లో పెట్టండి. అంచు లేత గోధుమరంగు తిరగ్గానే తీసేయాలి. అప్పుడు ముట్టుకుంటే మెత్తగానే ఉంటాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి, ఆరాక గట్టిపడతాయి.

నింపుడు విషయంలో నాది మాస్టారి పార్టీయే. బేకరీలో ఎవరూ గుడ్డు కర్డ్ పెట్టి బయట అరలో పెట్టరు.

ఎంవీపీ వంటిల్లు:
అందరికీ థాంక్స్. ఇంకో చిక్కొచ్చిపడింది. ఆడపడుచు వాళ్ల అత్తగారు గుడ్డు తినరట, ఇందాకే ఫోన్‌లో చెప్పింది. పుట్టినరోజు నాడు ఆవిడకి ఒక్కదానికీ పెట్టకుండా మిగతావాళ్లు తింటే బాగోదు కదా. గుడ్డు లేకుండా కర్డ్ అవుతుందా?

చినవాల్తేరు చిన్నది:
అవుతుంది. కార్న్‌ఫ్లోర్‌ని నీళ్లలో కలిపి, ముందు ఉత్త నీళ్లతోనే గాజులా మెరిసేదాకా ఉడికించండి. నిమ్మరసం ఆఖర్న, స్టవ్ ఆపేముందు పోయండి. మొదట్లోనే పోసి మరిగిస్తే పులుపుకి గంజి విరిగి పల్చబడిపోతుంది. తర్వాత వెన్న, తొక్క తురుము. రంగుకి చిటికెడు పసుపు వేయొచ్చు, మరీ చిటికెడే. సత్తు గిన్నెలో మాత్రం కాయకండి, నిమ్మరసానికి లోహం వాసన పట్టేస్తుంది. స్టీలో గాజో వాడండి.

ఓటీజీ మాస్టారు:
అది నిమ్మ గంజి తల్లీ, కర్డ్ కాదు. 🙂 తడి విషయంలో గుడ్డుదానికంటే ఇదే ఘోరం. కార్న్‌ఫ్లోర్ గంజి చల్లారి కొన్ని గంటలయ్యాక నీళ్లు కక్కుతుంది. బిస్కెట్ మధ్య పెట్టి పంపితే రాజమండ్రి రాకముందే తెలుస్తుంది.

దబ్బకాయ పులిహోర:
మార్మలేడ్ చేదు అనేవాళ్లందరూ తొక్కని తెల్లటి భాగంతో సహా దంచి వేసినవాళ్లే అయ్యుంటారు. మా అమ్మమ్మ దబ్బకాయ మురబ్బా చేసేది, పిల్లలమంతా గిన్నె నాకేవాళ్లం. ఇప్పుడు దబ్బకాయ దొరక్కపోవచ్చు. బత్తాయి అయితే జ్యూస్ బళ్లు ఉన్నంతకాలం దొరుకుతుంది. నాలుగు బత్తాయిలు, ఆరు నిమ్మకాయలు తీసుకోండి. ఎంవీపీ రైతుబజార్ మీకు దగ్గరే కదా, పొద్దున్నే వెళ్తే పసుపు తిరిగిన నిమ్మకాయలు ఏరుకోవచ్చు. ఆకుపచ్చవి రసం తక్కువ, తొక్క చేదెక్కువ.

బత్తాయి తొక్కని పీలర్‌తో పైపైన మాత్రమే తీసి, సన్నగా అగ్గిపుల్లల్లా తరగండి. ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, చేదులో సగం అక్కడే పోతుంది. మళ్లీ మంచినీళ్లు పోసి, గోటితో నొక్కితే తెగేంత మెత్తగా ఉడికించాలి. పంచదార ఆ తర్వాతే. ముందు వేస్తే తొక్క గట్టిపడిపోయి ఇక జన్మలో ఉడకదు. గింజలు, తొక్క లోపలి తెల్లటి భాగం పారేయకండి, పల్చటి గుడ్డలో మూటగట్టి రసంలో వేసి మరిగించండి. గడ్డకట్టే గుణమంతా వాటిలోనే ఉంది. పంచదార వేసేముందు మూటని గట్టిగా పిండి తీసేయండి, చేతికి జిగురుగా తగిలేదే కావలసిన సరుకు.

పాకం చూడ్డానికి థర్మామీటర్ లేకపోయినా పర్లేదు. స్టీలు పళ్లెం ఒకటి ఫ్రీజర్‌లో పెట్టండి. చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో నెట్టండి. పైన సన్నటి ముడతలు పడి, వేలు నడిచిన దారి మళ్లీ కలవకుండా ఉంటే అయినట్టే. నీళ్లలా కలిసిపోతే ఇంకా మరగాలి. థర్మామీటర్ ఉంటే మనం సముద్రం ఒడ్డున ఉన్నాం కాబట్టి 105 చూసుకోవచ్చు. ఇదే అరకులో చేస్తే రెండు మూడు డిగ్రీలు ముందే దింపాలి, అక్కడ నీళ్లు వంద కాకుండానే మరుగుతాయి.

పులుపు తగ్గిందని చినవాల్తేరు చెల్లి బాధపడకుండా, దింపాక ఒక నిమ్మకాయ రసం పచ్చిగా పిండండి.

చినవాల్తేరు చిన్నది:
అక్కా, ఆ చివరి పచ్చి రసానికి మీకు దండం. కానీ దింపాక రసం పిండితే మాస్టారు లెక్కపెట్టిన నీళ్లు మళ్లీ రావా?

దబ్బకాయ పులిహోర:
వస్తాయి. ఒక్క కాయే కదా. రెండు నిమిషాలు ఎక్కువ మరిగించి దింపితే సరిపోతుంది.

ఉక్కునగరం క్వార్టర్స్:
నాదో సందేహం. మార్మలేడ్‌ని పచ్చి పిండి మధ్యలోనే పెట్టి, కజ్జికాయలా మూసి బేక్ చేస్తే అతికించే పనే ఉండదు కదా?

బేకరీలో పదేళ్లు:
షార్ట్‌బ్రెడ్ పిండికి సాగే గుణం ఉండదు సార్. లోపల మార్మలేడ్ మరిగి ఆవిరి కడితే ఏదో ఒక పక్క పగిలి బయటికొస్తుంది, ట్రేకి అంటుకుని మాడుతుంది. అలా చేయాలంటే బొటనవేలితో గుంట నొక్కి, సగం కాలాక మార్మలేడ్ పెట్టి మళ్లీ లోపలికి తోయండి. అప్పుడు అంచులు మాడవు, పైన కాస్త ఆరి డబ్బాలో ఒకదానికొకటి అంటుకోవడం కూడా తగ్గుతుంది. ఈ అక్కకి రైలు ప్రయాణం కాబట్టి శాండ్‌విచ్ కంటే ఇదే నయం అంటాను.

చినవాల్తేరు చిన్నది:
అయితే మధ్యేమార్గం నేనొకటి చెప్తాను. బిస్కెట్లు విడిగా డబ్బాలో పంపండి. గుడ్డు కర్డ్ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూడొంతులు నింపి, రెండు రోజులు ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. కర్డ్ ఫ్రీజ్ చేసినా పాడవదు. న్యూస్‌పేపర్, దాని మీద తువ్వాలు చుట్టి ఇస్తే ఏసీ బోగీలో పొద్దుటికి ఇంకా చల్లగానే ఉంటుంది. అక్కడికెళ్లాక వాళ్లే నింపుకుంటారు. అత్తగారికి ఉత్త బిస్కెట్లు.

ఓటీజీ మాస్టారు:
మరిది గారిది ఏసీ బోగీయో స్లీపరో ఎవరైనా అడిగారా?

ఎంవీపీ వంటిల్లు:
స్లీపర్ మాస్టారూ. 🙂 పైగా మా మరిది సంగతి మీకు తెలీదు, తువ్వాలు చుట్టిన డబ్బా ఇస్తే సామర్లకోటలో విప్పి చూస్తాడు.

కాబట్టి నా నిర్ణయం ఇదీ. బత్తాయి, నిమ్మ కలిపి మార్మలేడ్ బుధవారం చేస్తాను, చివర్లో పచ్చి రసంతో. గురువారం తెల్లవారుజామున బొటనవేలి గుంటల పద్ధతిలో వెన్నతోనే బిస్కెట్లు, బియ్యప్పిండి కలిపి. పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వేసి సర్దుతాను. కర్డ్ మా ఇంట్లోవాళ్లకి ఆదివారం చేస్తాను, అప్పటికప్పుడు నింపి పెడతాను.

పూర్ణా మార్కెట్ బాబాయి:
నెయ్యి సంగతి ఏమైందమ్మా?

చినవాల్తేరు చిన్నది:
అంటే హైదరాబాద్ వాళ్లకి జామ్ బిస్కెట్, మీకేమో అసలైన నిమ్మ కర్డ్! ఆడపడుచు ఈ చర్చ చదవకుండా చూసుకోండి అక్కా.