ఉత్తర కెనడా చేపకు నలభై ఏళ్లని ఎలా తేలుస్తారు?

ప్రశ్న – రామ్‌నగర్ నివాసి

అందరికీ నమస్కారం. మా బావమరిది ఉద్యోగరీత్యా కెనడా ఉత్తర భాగంలోని ఎల్లోనైఫ్‌లో ఉంటున్నాడు. ఆ ఊరిని ఆనుకుని ఉన్న గ్రేట్ స్లేవ్ సరస్సులో పట్టిన లేక్ ట్రౌట్ చేప ఫోటో పంపి, పడవ నడిపిన పెద్దమనిషి దానికి నలభై ఏళ్లకు తక్కువ ఉండవన్నాడని రాశాడు. తూకం ఏడు కిలోలట. మన బజారులో అంతకన్నా పెద్ద బొచ్చె చేపలు కనబడుతూనే ఉంటాయి కాబట్టి నాకు నమ్మకం కుదరలేదు. చేప పొలుసు మీద చెట్టు మానులో ఉన్నట్టే వలయాలు ఉంటాయని ఎక్కడో చదివిన గుర్తుతో, గత ఆదివారం రామ్‌నగర్ మార్కెట్‌లో కిలోన్నర రవ్వ కొని, కోసే ఆయనను పొలుసులు పారేయవద్దని బతిమాలి, నాలుగైదు ఇంటికి తెచ్చి, కడిగి, మా అబ్బాయి బడి మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెట్టాను. అరవై గీతలు దాటాక లెక్క తప్పింది. ఈ లెక్కన నేను పులుసు పెట్టించుకున్న రవ్వ నాకన్నా పెద్దదవుతోంది. నేను ఎక్కడ పొరబడ్డాను? అక్కడి చేపల వయసును శాస్త్రవేత్తలు నిజంగా ఏ పద్ధతిలో నిర్ణయిస్తారు?

జవాబు – చెరువుగట్టు

మీరు లెక్కపెట్టినవి ఏళ్లు కావండి, పొలుసు పెరిగే కొద్దీ దాని మీద పడే సన్నని గీతలు. అవి ఏడాదికి ఎన్నో పడతాయి. చూడవలసింది గీతలను కాదు, వాటి మధ్య ఎడాన్ని. చేప బాగా మేసి పెరిగే కాలంలో గీతలు దూరదూరంగా, పెరుగుదల మందగించిన కాలంలో దగ్గరదగ్గరగా పడతాయి. అలా ఇరుకుగా ఒత్తుకున్న పట్టీ ఒక్కటి పూర్తయితే దానిని ఒక సంవత్సర వలయంగా తీసుకుంటారు. గ్రేట్ స్లేవ్ సరస్సు ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పుకుని ఉంటుంది కాబట్టి అక్కడి చేపలో శీతాకాలపు గుర్తు స్పష్టంగా పడుతుంది. మన దగ్గర అంత చలీ లేదు, పైగా మీ రవ్వ బహుశా కైకలూరు, ఆకివీడు వైపు చెరువులో తవుడూ చెక్కా తిని ఏడాదీ ఏడాదిన్నరకే లారీ ఎక్కినది. దాని పొలుసులో లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు.

అయితే ఉత్తరాది ముసలి చేపల విషయంలో పొలుసును నమ్మితే మోసపోతాం. అక్కడి చేప కొన్నేళ్లు చురుగ్గా పెరిగి, ఈనే వయసు వచ్చాక దాదాపు ఆగిపోతుంది. ఒళ్లు ఆగితే పొలుసూ ఆగుతుంది. ఆ తరువాతి వలయాలన్నీ అంచున ఒకదాని మీద ఒకటి పడి విడదీయరానివి అవుతాయి, లేదా అసలే పడవు. తిండి కరువైనప్పుడు అంచు అరిగిపోవడమూ ఉంది. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఊడిన పొలుసు స్థానంలో కొత్తది మొలిచినప్పుడు దాని నడిమి భాగం గీతలు లేకుండా బోసిగా ఉంటుంది, అంటే చిన్ననాటి చరిత్ర అందులో లేదన్నమాట. అటువంటి పొలుసును మొదటే పక్కన పెట్టాలి.

అందుకే తలలోని చెవిరాయిని చూస్తారు. ఓటోలిత్ అంటారు, సున్నపు పదార్థం. మెదడు కింద చిన్న సంచుల్లో మూడు జతలుంటాయి. ట్రౌట్‌లో పెద్ద జతే బియ్యపు గింజంత ఉంటుంది. దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. ఒకసారి పేరుకున్న పొర తిరిగి కరగదు, చేప ఒళ్లు పెరగడం మానినా రాయికి ఏటా సన్నని పొర చేరుతూనే ఉంటుంది. కాకపోతే ముసలితనంలో అది వెడల్పుగా కాక లోపలి వైపు మందంగా పెరుగుతుంది కాబట్టి పైనుంచి చూస్తే ఆ ఏళ్లు కనబడవు, అడ్డంగా కోయవలసిందే. ప్రయోగశాలలో రాయిని జిగురు దిమ్మెలో పోసి వజ్రపు రంపంతో పలుచని ముక్క తీస్తారు. నాకు మాత్రం పాత పద్ధతే ఇష్టం. రాయిని రెండు బొటనవేలి గోళ్ల మధ్య పెట్టి సరిగ్గా నడిబొడ్డు మీదుగా విరిచి, విరిగిన ముఖాన్ని స్పిరిట్ దీపం మంట మీద గోధుమరంగు తిరిగేదాకా కాల్చి, మైనంలో గుచ్చి, ఒక చుక్క నూనె వేసి చూస్తే, శీతాకాలపు పొరలు ముదురు గోధుమ గీతలుగా తేలుతాయి. ఒక్క క్షణం ఎక్కువ కాలిస్తే బూడిదే.

జవాబు – పరిశోధక విద్యార్థిని, తార్నాక

పై వివరణ చక్కగా ఉంది, కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉందని నా అభిప్రాయం. వలయాలు లెక్కించడం కొత్త విద్య కాదు, స్వీడన్‌లో హాన్స్ హెడర్‌స్ట్రోమ్ అనే మతాచార్యుడు పైక్ చేప వెన్నుపూసల మీద వలయాలను లెక్కపెట్టి 1759లోనే ప్రచురించాడు. రాయిలో నలభై గీతలు ఉన్నాయని ఇద్దరు ఒప్పుకున్నంత మాత్రాన చేపకు నలభై ఏళ్లని రుజువు కాదు. ఇద్దరూ ఒకే తప్పు చేసి ఉండవచ్చు. గీత ఏడాదికి ఒక్కటే పడుతుందని వేరే దారిలో తేల్చాలి.

ఒక దారి, చేపకు ఆక్సీటెట్రాసైక్లిన్ మందు ఎక్కించి, గుర్తు బిళ్ల కట్టి వదిలి, కొన్నేళ్ల తరువాత మళ్లీ పట్టడం. అతినీలలోహిత కాంతిలో ఆ మందు రాయిలో పసుపు గీతగా మెరుస్తుంది. దాని అవతల ఎన్ని వలయాలు ఉన్నాయో, గడిచిన ఏళ్లు అన్నేనా అని సరిచూస్తారు. నలభై ఏళ్లు ఆగడం కష్టం కాబట్టి ముసలి చేపలకు అణుబాంబులే సాక్ష్యమయ్యాయి. 1950ల నుంచి, వాటిని ఆపే 1963 ఒప్పందం కుదిరేదాకా, గాలిలో జరిపిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. అది నీటిలోకి, నీటి నుంచి చెవిరాయిలోకి చేరింది. 2000లో పట్టిన చేపకు వలయాల ప్రకారం 45 ఏళ్లనుకుందాం. అది 1955లో పుట్టి ఉండాలి, అంటే రాయి నడిబొడ్డులో కార్బన్-14 తక్కువగా ఉండాలి. నిజానికి దాని వయసు 30 ఏళ్లే అయితే నడిబొడ్డులో బాంబు కార్బన్ నిండుగా ఉంటుంది, దొంగతనం పట్టుబడుతుంది. మత్స్య శాస్త్రవేత్త స్టీవెన్ కంపానా బృందం 2008లో ఇదే కొలతతో ఆర్కిటిక్ ప్రాంతపు లేక్ ట్రౌట్‌లో చెవిరాయి అడ్డుకోత లెక్క కనీసం 50 ఏళ్ల వరకు సరిపోతుందని చూపింది. కనుక నలభై ఏళ్లు అసంభవం కాదండి.

రాయి లేని చేపలకు ఇంకో ఉపాయం ఉంది. గ్రీన్‌లాండ్ సొరచేపకు లెక్కించదగిన గట్టి భాగమేదీ లేకపోవడంతో, పుట్టకముందే ఏర్పడే కంటి కటకపు నడిబొడ్డులో కార్బన్ కొలిచి, ఐదు మీటర్ల ఆడ చేపకు 392 ఏళ్లని 2016లో అంచనా వేశారు. అటూ ఇటూ 120 ఏళ్ల తేడా ఉండవచ్చని కూడా వారే చెప్పారు.

జవాబు – గాలం

ఒక్క మాట. పడవ నడిపిన ఆయన తూకం చూసి వయసు చెప్పి ఉంటే దానికి విలువ లేదు. చల్లని సరస్సుల్లో ఒకే పొడవున్న రెండు చేపల వయసుల్లో ఇరవై ఏళ్ల తేడా ఉండవచ్చు. చేపను చంపకుండా తెలుసుకోవాలంటే రొమ్ము రెక్క ముందు ముల్లును కొంచెం కత్తిరించి, కోసి చూస్తారు. చేప బతుకుతుంది, కానీ ముసలి చేపలో ఈ లెక్క కూడా తక్కువే చూపిస్తుంది.

రామ్‌నగర్ నివాసి

అందరికీ కృతజ్ఞతలు. పడవాయన తూకం చూసే చెప్పాడట, ఇప్పుడే ఫోనులో అడిగాను. మాంసం అయిపోయినా చేప తల మాత్రం ఫ్రీజర్‌లో ఉందట. రాయి తీసి దాచమంటాను. ఫార్మలిన్‌లో వేయమని చెప్పనా?

చెరువుగట్టు

వద్దండి. మామూలు ఫార్మలిన్‌లో ఆమ్లగుణం ఉంటుంది, సున్నపు రాయిని తినేస్తుంది. కళ్ల వెనుకగా పుర్రె పైభాగాన్ని అడ్డంగా కోసి, మెదడును పక్కకు జరిపి, పట్టుకారుతో రెండు రాళ్లూ తీసి, నీటిలో పొర వదిలేదాకా రుద్ది, ఆరబెట్టి, కాగితపు కవరులో వేయమనండి. కవరు మీద పట్టిన తేదీ, చోటు, పొడవు, బరువు రాయడం మరువవద్దు. జూన్‌లో పట్టారా, అక్టోబరులోనా అన్నది తెలియకపోతే చివరి అంచును ఒక ఏడాదిగా లెక్కించాలో వద్దో చూసేవారికి అర్థం కాదు.