సమస్య: చితిని బెట్ట కార్డు జీవమందె

కార్డంటే ఇక్కడ కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డు; పాడైనదాన్ని ఓవెనులో కాలిస్తే బతుకుతుందన్న మాట మీద ఈ సమస్య. ఆటవెలదిలో పూరించండి. వ్యాకరణం ప్రకారం సరళాదేశం వచ్చి (క, గగా మారి) "గార్డు" కావాలి. సెక్యూరిటీ గార్డును చితికెక్కించినట్టు ఉంటుందని వదిలేశాం.

తార్నాక నుంచి:
ఫ్యాను విప్పి, తీసి ప్లాస్టిక్కు మూతలన్
రేకు పైన బోర్డు లేపి పెట్టి
రెండు నూర్ల వేడి రేగెడు నోవెను
చితిని బెట్ట కార్డు జీవమందె

విమర్శ: ర-ల యతి చక్కగా కుదిరింది. విషయమే ఒప్పదు. సీసం లేని టంకం (సోల్డరు) 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. పాత సీసపు టంకమైతే 183 చాలు. రెండు నూర్ల వేడికి సీసం లేని అతుకు కరగదు. చిప్పు కింది టంకపు బుడిపెల్లో పగులు వ్యాకోచించి తాత్కాలికంగా తగులుతుందంతే, కొన్నాళ్లకు తెరమీద మళ్లీ గీతలే. ఈలోగా 105 డిగ్రీల రేటింగున్న కెపాసిటర్లు ఉబ్బుతాయి. అన్నం తినే ఇంట్లో ఆ ఓవెను ఇక వంటకు పనికిరాదు.

మల్కాజిగిరి నుంచి:
ఎండు పేస్టు తుడిచి యింత కొత్తది పూయు,
ప్యాడు మందమెంతొ పట్టి చూడు;
వట్టి మాట నమ్మి వంటింట గాల్చకు
"చితిని బెట్ట కార్డు జీవమందె"

విమర్శ: సమస్యను వట్టి మాటగా తోసేయడం పాత ఉపాయమే అయినా రెండో పాదం బంగారం. మెమరీ చిప్పుల మీద వేడిని దాటించే 1 మి.మీ. మెత్తని ప్యాడు ఉన్నచోట 1.5 వేస్తే, వేడిని లాగే లోహపు హీట్‌సింకు అసలు చిప్పును సరిగా తాకదు, వేడి ఇంకా పెరుగుతుంది. చిప్పు మీది థర్మల్ పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెం బిగించాలి. అయితే కంప్యూటరు ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెరమీదే గీతలు కనిపిస్తే అది తరచు మెమరీ చిప్పుదో, అసలు చిప్పుదో జబ్బు. పేస్టు మందు కాదు.

కోఠి నుంచి:
మల్టిమీటరు పెట్టి మరి చూడుమా షార్టు
మాస్ఫెటొకటి పోవ మార్చి దాని
వేడి గాలి గన్ను విరజిమ్ము నిప్పుల
చితిని బెట్ట కార్డు జీవమందె

విమర్శ: మొదటి పాదంలో గణభంగం: "రు పెట్టి" జగణం. "మల్టిమీటరుంచి" అంటే సరి. భావం మాత్రం మూడింటిలోకి మేలు. (మాస్ఫెట్ అంటే కరెంటును స్విచ్చులా నియంత్రించే భాగం.) 12 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య సున్నాకు దగ్గరగా చూపితే షార్టే. కానీ చిప్పుకు కరెంటిచ్చే కోర్ లైనులో ఒక ఓముకు తక్కువ చూపినా పెద్ద కార్డుల్లో అది మామూలే. షార్టనుకుని మంచి మాస్ఫెట్లు పీకేయకండి. గ్రౌండు రాగి వేడిని లాగేస్తుంది కనుక ముందు అడుగునుంచి బోర్డును వెచ్చబెట్టి, ఫ్లక్సు (టంకం బాగా అంటేలా రాసే పదార్థం) వేశాకే గాలి గన్ను. ఫ్లక్సు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. 12 వోల్టుల వైపున్న (హై-సైడ్) మాస్ఫెట్ షార్టై 12 వోల్టులు నేరుగా చిప్పులోకి పోయుంటే మాత్రం సికింద్రాబాదు కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా మోసుకెళ్లినా లాభం లేదు.