పదో తరగతి అబ్బాయి చేతిలో ఫోను: చదువెంత, కాలక్షేపమెంత?

ప్రశ్న – గృహిణి, చిత్తూరు
మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఇంటిపని, నోట్సు అన్నీ పాఠశాలవారు వాట్సాప్ గ్రూపులోనే పంపుతున్నందున సాయంత్రం ఆరు గంటలకు నా ఫోను వాడికి ఇవ్వక తప్పడం లేదు. అది నా చేతికి తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతోంది. మధ్యలో వెళ్లి చూస్తే తెరమీద లెక్కల పాఠమే ఉంటుంది గాని, తర్వాత యూట్యూబ్ హిస్టరీ తెరిస్తే క్రికెట్ క్లిప్పులు, తమిళ వీడియోలు వరుసగా కనిపిస్తాయి. లెక్కల పాఠం కూడా వాడు నిజంగానే చూస్తున్నాడు కనుక అబద్ధమాడుతున్నాడని అనడానికి మనసొప్పడం లేదు. ఈ రెండింటినీ విడదీయడమెలా?

జవాబు – ఇద్దరు పిల్లల తండ్రి, తిరుపతి
మా ఇంట్లో ఫోను పూర్తిగా మానిపించి చూశాను. మూడు వారాలు ప్రశాంతంగా గడిచిన తర్వాత, మావాడు ఇంటిపని పేరుతో పక్కవీధి స్నేహితుడి ఇంట్లో కూర్చుని చూస్తున్నాడని తెలిసింది. ఆ దారి మాత్రం మీకు చెప్పలేను.

జవాబు – విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తిరుపతి
అమ్మా, గంటలు లెక్కపెట్టడం కన్నా నోటుపుస్తకం చూడడం మేలు. ఇప్పుడు లెక్కను ఫొటో తీసి ఏఐ యాప్‌కు ఇస్తే సోపానాలతో సహా జవాబు వచ్చేస్తుంది. దాన్ని ఎత్తిరాసిన పిల్లవాడి పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. (వర్గ సమీకరణాల దగ్గర ఒక్కసారైనా తడబడని విద్యార్థిని నేను అరుదుగా చూశాను.) ఒక లెక్క ఎంచుకొని, ఫోను పక్కన పెట్టించి, ఇక్కడ విచక్షణి (వర్గ సమీకరణం మూలాలు ఎలాంటివో తెలిపే విలువ) ఎందుకు కనుక్కున్నావో చెప్పమనండి, మీకు లెక్కలు రాకపోయినా, వాడికి అర్థమైందో లేదో వాడు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది. పాఠం వినడానికైతే పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించండి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్ష వేదికలో ఆ అధ్యాయానికి సంబంధించిన పాఠాలు దొరుకుతాయి, పక్కన క్రికెట్ ఊరించదు.

జవాబు – ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి
ఆంటీ, తమిళ వీడియోలన్నీ కాలక్షేపమే అనుకోకండి. సరిహద్దు ఊళ్లలో పెరిగిన మాకు తెలుగులో దొరకని వివరణ తమిళంలో దొరికితే అదే చూసేవాళ్లం. దారి తప్పేది ఒక వీడియో ముగిసి మరొకటి దానంతటదే మొదలైనప్పుడు, కాబట్టి ఆటోప్లే ఆపివేయండి. షార్ట్స్‌కు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, అవి వేలితో తోసుకుంటూ పోయేవి. గ్రూపులో వచ్చిన ఇంటిపనిని కాగితం మీద రాసుకొని ఫోను వెంటనే తిరిగి ఇచ్చేయమనండి. క్రికెట్‌కు వేరే సమయం ఇస్తే దాచుకొని చూడవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న అడిగినవారు
నిన్న రాత్రి మాస్టారు గారు చెప్పినట్లే అడిగాను. మూడు లెక్కల్లో రెండు వివరించాడు. మూడోదాని దగ్గర ఆగి, అది యాప్ చేసిందని తానే ఒప్పుకున్నాడు. తొమ్మిది నుంచి అరగంట క్రికెట్ చూసుకోమన్నాను. కాగితం ఉపాయానికి మాత్రం ఒక చిక్కు ఉంది: గ్రూపులో ఇంటిపని ఏడున్నర దాటితే గాని రావడం లేదు. ఆ సంగతి పాఠశాలవారినే అడగాలి.