అప్‌డేట్: నాన్నగారితో చెన్నై నుంచి పళవేర్కాడు వెళ్లి వచ్చాము

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో, సొంత కారు లేకుండా, పళవేర్కాడుకు (మన పులికాట్‌కే) ఒక్క రోజులో వెళ్లి రాగలమా అని అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. గుమ్మిడిపూండి లోకల్ రైలులో పొన్నేరిలో దిగి, అక్కడ బస్సు ఎక్కమన్న సలహాయే పనిచేసింది. 1613లో డచ్చివారు కట్టిన గెల్డ్రియా కోట ఉన్నచోట ఇప్పుడు ముళ్లపొదలు తప్ప దాదాపు ఏమీ మిగలలేదు గనుక, దానికి కేటాయించిన గంట వృథా అయింది. డచ్చి శ్మశానవాటిక మాత్రం, ద్వారానికి ఇరువైపులా నిలిచిన రాతి అస్థిపంజరాలతో, సమాధి పలకలపై ఇంకా చెదరని అక్షరాలతో, నాన్నగారిని చాలాసేపు కదలనివ్వలేదు. పడవ టికెట్ల గురించి నేను పడిన ఆందోళన అనవసరమని తేలింది: 2011 డిసెంబరులో ఇక్కడి సరస్సులో జరిగిన పడవ ప్రమాదం తరువాత విహార పడవలను నిషేధించారు కాబట్టి, రేవులో ఒకరిద్దరు పిలిచినా మేము ఎక్కలేదు.