తప్పు చేసినా పడేయని ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్ స్నోబోర్డు ఏది కొనాలి?

బెల్‌వ్యూ_వాసు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అద్దె బోర్డుల మీదే నేర్చుకున్నాను. ఈ సీజన్‌కి సొంతంగా ఒకటి తీసుకోవాలని ఉంది. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 82 కిలోలు, బూటు అమెరికా సైజులో 10.5. బ్లూ రన్స్ (మధ్యస్థం వాలు దారులు) మీద టర్నులు కలుపుకుంటూ హాయిగా దిగుతాను, బ్లాక్ రన్ (కష్టమైన దారి) అయితే పక్కకి జారుకుంటూ వచ్చేస్తాను. ఆఫీసు అయ్యాక స్నోక్వాల్మీలో నైట్ రైడింగ్, వీకెండ్ స్టీవెన్స్ పాస్, రెండూ వాషింగ్టన్ రాష్ట్రంలోవే. కొండంతా తిరగాలి, రన్ పక్కన కనిపించే చిన్న జంపులు ఎగరాలి, స్విచ్‌లో (అలవాటు లేని కాలు ముందు పెట్టి) దిగడం నేర్చుకోవాలి. ఎడ్జ్ (బోర్డు అంచు) మంచులో పట్టేసి వెల్లకిలా పడటం అంటేనే టెన్షన్. బడ్జెట్ 500 డాలర్ల లోపు. బోర్డు ఒక్కటే, బైండింగ్స్ (బూట్లని బోర్డుకి బిగించేవి) వేరే.

కాస్కేడ్_రాజు
వాసు గారూ, బ్రాండ్ సంగతి తర్వాత. ముందు బోర్డు వంపు చూడండి. షాపులో బోర్డుని చదునైన నేల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో పైకి లేచి, ముందూ వెనకా చివర్ల దగ్గర నేలకి ఆనుతుంటే అది క్యాంబర్. మధ్యలో ఆని చివర్లు పైకి లేస్తే రాకర్. రెండూ కలిపినవి హైబ్రిడ్.

మీరు చెప్పిన పడటం ఎలా జరుగుతుందంటే, బోర్డు దాదాపు చదునుగా ఉండగా లోయవైపు ఉన్న ఎడ్జ్ మంచులో దిగుతుంది. బోర్డు అక్కడే ఆగిపోతుంది, మనిషి ఆగడు. కొండవైపు తిరిగి జారుతుంటే మడమ ఎడ్జ్ పట్టుకుని వెల్లకిలా, లోయవైపు తిరిగి ఉంటే వేళ్ల ఎడ్జ్ పట్టుకుని బోర్లా. పూర్తి క్యాంబర్‌లో మీ బరువంతా ఆ చివరి ఆనుడు చోట్లకి పోతుంది కాబట్టి ఎడ్జ్ తొందరగా పట్టేస్తుంది. ఆ చోట్లు కాస్త పైకి లేచి ఉంటే అరక్షణం టైమ్ దొరుకుతుంది, సర్దుకోవచ్చు. ఇంటర్మీడియట్ రైడర్‌కి ఆ అరక్షణమే కావాలి.

మన వాషింగ్టన్ మంచు తడి మంచు, బరువు ఎక్కువ. మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలుగా తయారవుతుంది. అందుకే ఇక్కడ కాళ్ల మధ్య రాకర్, కాళ్ల కింద క్యాంబర్ ఉన్న బోర్డులు బాగా నడుస్తాయి. లిబ్ టెక్, గ్నూ బోర్డులు తయారుచేసే మెర్విన్ కంపెనీది మన ఒలింపిక్ పెనిన్సులానే. వాళ్ల సి2 వంపు అదే. బర్టన్ వాళ్లు ఫ్లయింగ్ వి అనేదీ దాదాపు అంతే. నా ఓటు బర్టన్ ప్రాసెస్ ఫ్లయింగ్ వి.

జెర్సీ_ప్రసాద్
రాజు గారి మాట వాషింగ్టన్‌కి కరెక్టే. కానీ ఈ చర్చ చదివి న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఎవరైనా రాకర్ కొనేస్తారేమోనని రాస్తున్నాను. మౌంటెన్ క్రీక్ లాంటి చోట ఎక్కువ భాగం మెషిన్‌తో చేసిన మంచు. రాత్రి గడ్డకట్టి పొద్దున్నకి గాజులా ఉంటుంది. దాని మీద మెత్తటి పూర్తి రాకర్ బోర్డు అంటే వానాకాలం హవాయి చెప్పులతో నాపరాళ్ల మీద నడిచినట్టే. ఎడ్జ్ పట్టేయదు సరే, కావాల్సినప్పుడు కూడా పట్టదు. అక్కడ పడితే నడుము పోతుంది.

కాళ్ల మధ్య క్యాంబర్, చివర్లు మాత్రం లేచి ఉండే రకం మాకు నప్పుతుంది. జోన్స్ మౌంటెన్ ట్విన్, కాపిటా డీఓఏ ఈ కోవలోవే. వాసు గారూ, నైట్ రైడింగ్ అన్నారు కదా. పగలు కరిగిన మంచు రాత్రికి గడ్డకడుతుంది. కాబట్టి ఈ ముక్క మీకూ వర్తిస్తుంది.

కాస్కేడ్_రాజు
ఒప్పుకుంటాను ప్రసాద్ గారూ, రాత్రి తొమ్మిది దాటాక స్నోక్వాల్మీ కూడా గట్టిగానే ఉంటుంది. లిబ్ టెక్, గ్నూ ఎడ్జ్‌ని అలలు అలలుగా కోసేది అందుకే, మాగ్నే ట్రాక్షన్ అంటారు. నేరుగా ఉండే ఎడ్జ్ కంటే ఎక్కువ చోట్ల మంచుని కొరుకుతుంది. జోన్స్ మౌంటెన్ ట్విన్‌లోనూ ఇలాంటి అల ఎడ్జే ఉంటుంది.

డెన్వర్_ఓరుగల్లు
వాసు అన్నా, వంపు గురించి వాళ్లిద్దరూ బాగా చెప్పారు. నేను ఫ్లెక్స్, వెడల్పు గురించి చెప్తా. ఎక్కువమంది ఈ రెండిట్లోనే దెబ్బ తింటారు.

ఫ్లెక్స్‌కి (బోర్డు ఎంత గట్టిగా ఉందో చెప్పడానికి) కంపెనీలు 1 నుంచి 10 దాకా నంబర్ ఇస్తాయి. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 5తో సమానం కాదు, అయినా మీకు 4 నుంచి 6 మధ్య చూసుకోండి. 2, 3 అయితే జంపులు, బాక్సులు కట్టి ఉంచే పార్కులో సరదాగా ఉంటుంది గానీ 82 కిలోల మనిషి గుట్టల మంచులో స్పీడుగా వస్తే ముందుభాగం కొట్టుకుంటుంది. 8 అయితే మీరు దాన్ని వంచలేరు, అది మిమ్మల్ని వంచుతుంది. నంబర్ కంటే ముఖ్యం మెలి. బోర్డుని నిలబెట్టి రెండు చేతులతో తువ్వాలు పిండుతున్నట్టు తిప్పి చూడండి. కొంచెం మెలిపడితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముందు పాదం ఒత్తిడితోనే టర్ను మొదలవుతుంది.

వెడల్పు. 10.5 అంటే పాదం 28.5 సెంటీమీటర్లు. మామూలు, వైడ్ మధ్య సరిహద్దులో ఉన్నారు. స్పెక్స్‌లో ఇచ్చే వెయిస్ట్ విడ్త్ బోర్డులో అన్నిటికన్నా సన్నటి చోటు. బైండింగ్ పెట్టే చోట అంతకన్నా వెడల్పే. బూట్లు తీసుకుని షాపుకి వెళ్లండి. బైండింగ్ బిగించి, బూటు పెట్టి, ఎడ్జ్ మీద వంచి చూడండి. వేళ్లవైపూ మడమవైపూ ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికొస్తే మంచిదే. అంతకు మించితే లోతుగా వంగినప్పుడు వేళ్లు మంచుకి తగిలి బోర్డు జారిపోతుంది. అవసరం లేకుండా వైడ్ తీసుకుంటే ఒక ఎడ్జ్ మీంచి ఇంకో ఎడ్జ్‌కి మారడం ఆలస్యమవుతుంది. మా ఫ్రెండ్‌కి ఒక షాపువాళ్లు ‘అదే మిగిలింది’ అని సైజు 9 పాదానికి వైడ్ బోర్డు అంటగట్టారు. సీజనంతా పిక్కల నొప్పులే.

పొడవు 156, 157, 158లో ఏదైనా పర్లేదు. ఎత్తు చూసి గడ్డం దాకా, ముక్కు దాకా అని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి, బరువు చూసి తీసుకోండి.

తాహో_లావణ్య
ఓరుగల్లు తమ్ముడు చెప్పిన వెడల్పు మాట ఆడవాళ్లకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మన పాదాలు చిన్నవి. మగవాళ్ల బోర్డు పొట్టి సైజు తీసుకుంటే సరిపోతుందని అనుకుంటాం, వెడల్పు మాత్రం కుదరదు. నేను గ్నూ బి-నైస్ వాడుతున్నాను. మెత్తటి ట్విన్, ఎడ్జ్ మార్చడం తేలిక. నార్త్‌స్టార్ పార్కులో చిన్న బాక్సుల మీదికి వెళ్లేందుకు ధైర్యం వచ్చింది దీనివల్లే. స్పీడు పెరిగితే కొంచెం ఊగుతుంది, అది ముందే తెలిసి కొనాలి.

స్విచ్ నేర్చుకుంటానన్నారు కాబట్టి ట్రూ ట్విన్ తీసుకోండి వాసు గారూ. ముందూ వెనకా ఒకే ఆకారం, ఒకే ఫ్లెక్స్ ఉంటే ఎటు తిరిగినా పాదానికి కొత్తగా అనిపించదు.

గుల్మార్గ్_మాధవ్
హైదరాబాద్ నుంచి ఒక్క మాట. నేను ఏటా గుల్మార్గ్ వెళ్తాను. గొండోలా (కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండ పైకి వెళ్తే ఇక లోతైన పౌడరే (మెత్తటి తాజా మంచు). అక్కడ ట్విన్ బోర్డు అయితే బైండింగ్స్ రెండూ ఒక్కో రంధ్రం వెనక్కి జరుపుకుంటాను, ముందుభాగం తేలుతుంది. మామూలు రన్స్‌కి వచ్చాక మళ్లీ మధ్యకి. ఒకే బోర్డుతో రెండూ నడుస్తాయి, రెండో బోర్డు అక్కర్లేదు.

బెల్‌వ్యూ_వాసు
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థాంక్స్. ప్రాసెస్ ఫ్లయింగ్ వి, డీఓఏ మధ్య ఊగుతున్నాను. నా దగ్గర పాత బూట్లు ఉన్నాయి, కొంచెం లూజు. అవి నడుస్తాయా? బేస్ (బోర్డు అడుగుభాగం) సింటర్డ్ రకం అయితేనే మంచిదంటున్నారు, నిజమేనా?

జెర్సీ_ప్రసాద్
లూజు బూట్లు వద్దండీ. మడమ లోపల పైకి లేస్తుంటే ఎంత మంచి బోర్డు కొన్నా మీరు చెప్పింది దానికి ఆలస్యంగా చేరుతుంది. డబ్బు సరిపోకపోతే బోర్డు గత ఏడాది మోడల్ తీసుకుని, మిగిలింది బూట్లకి పెట్టండి. చాలాసార్లు మారేది పైన బొమ్మ ఒక్కటే. బూటు సాయంత్రం వేసి చూడండి, పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి.

కాస్కేడ్_రాజు
బేస్ సంగతి: ఎక్స్‌ట్రూడెడ్ చవక, గీతలు పడితే బాగుచేయడం సులువు, వ్యాక్స్ మర్చిపోయినా సర్దుకుంటుంది. సింటర్డ్ వ్యాక్స్ పీల్చుకుని బాగా జారుతుంది, కానీ వేస్తూ ఉంటేనే. మన తడి మంచు బేస్‌కి అతుక్కుంటుంది, చదును దారుల్లో బోర్డు ఆగిపోతే ఒక కాలు విప్పి నెట్టుకుంటూ పోవాలి. ఇంట్లో వ్యాక్స్ వేసే ఓపిక ఉంటే సింటర్డ్.

ఇంకోటి, బర్టన్ బోర్డులో స్క్రూ రంధ్రాల బదులు ఛానెల్ ఉంటుంది. కొనే బైండింగ్స్ దానికి పడతాయో లేదో అడగండి. బర్టన్ వాళ్లవే రీఫ్లెక్స్ అయితే ఛానెల్‌కీ, మామూలు బోర్డుల 4x4 రంధ్రాలకీ రెండిటికీ వస్తాయి. ఈఎస్‌టీ రకం ఛానెల్‌కి మాత్రమే.

బెల్‌వ్యూ_వాసు
డీఓఏ గత ఏడాదిది బడ్జెట్లోనే దొరికింది, అదే ఆర్డర్ పెట్టేశాను. రాత్రిపూట గట్టి మంచు మాటే నన్ను ఇటు లాగింది. కొత్త బూట్లు వేసుకునే షాపులో వెడల్పు చూసుకున్నాను, వేళ్లవైపు ఒకటిన్నర సెంటీమీటరు బయటికొచ్చింది. బైండింగ్ యాంగిల్స్ ఎంత పెట్టుకోమంటారు?

డెన్వర్_ఓరుగల్లు
మంచి ఎంపిక అన్నా. ముందు పాదం +15, వెనక పాదం -9 డిగ్రీలతో మొదలుపెట్టండి (+ అంటే వేళ్లు బోర్డు ముక్కువైపు, - అంటే తోకవైపు). స్విచ్ అలవాటయ్యాక -12, -15కి జరుపుకోవచ్చు. పాదాల మధ్య దూరం కంపెనీ గుర్తుపెట్టిన రిఫరెన్స్ రంధ్రాల్లోనే ఉంచండి, మోకాళ్లు లోపలికి వంగుతుంటే ఒక రంధ్రం దగ్గరికి తెచ్చుకోండి. ఇది రాజు గారి ఫ్లయింగ్ వి కన్నా కాస్త చురుగ్గా ఉంటుంది కాబట్టి ముక్కు, తోక వంపు మొదలయ్యే చోట ఎడ్జ్ పదును గమ్‌స్టోన్‌తో (రబ్బరులాంటి సానరాయి) కొద్దిగా తగ్గించమని షాపులో అడగండి. పాదాల మధ్య మాత్రం ముట్టుకోనివ్వకండి, గట్టి మంచులో పట్టేది అక్కడే. మణికట్టు గార్డులు కూడా తీసుకోండి.